టీవీలోంచి రాలిన దూది

వంట కాగానే రబియా టీవీ ముందు కూర్చునేది. జమ్మికుంట పత్తి మార్కెట్ వెనక గల్లీలో టీవీకి వీడియో గేమ్ డబ్బా తగిలించిన ఇల్లు అదొక్కటే. కిందటి సెలవుకు వచ్చినప్పుడు ఆమె మొగుడు షరీఫ్ కువైట్ నుంచి తెచ్చాడు. ఎదురింటి భూమవ్వ కొంగు బొడ్లో దోపుకుని వచ్చి, బొత్తాలు టకటకలాడించి తెర మీది పిట్టల్ని కాల్చేది. గురి తప్పితే తన తప్పేం లేనట్టు పిట్టని తిట్టేది.

ఆట మంచి పట్టులో ఉండగానే బొమ్మ కదలకుండా నిలబడిపోయేది. రబియా క్యాసెట్ ఊడబీకి, దాని నోట్లో "ఉఫ్" అని ఊది, మళ్ళీ లోపలికి దిగ్గొట్టేది. గేమ్ డబ్బా ఉన్న ప్రతి ఇంట్లో చేసే వైద్యం అదే. ఈ ఇంట్లో తేడా ఒకటే. క్యాసెట్ బయట ఉన్నంతసేపూ తెర మీద గిజగిజలాడే తెల్లచుక్కలు అక్కడ ఆగకుండా, గాజు దాటి, దూదిగా గదిలోకి రాలేవి.

దానికెవరూ నోరెళ్ళబెట్టలేదు. పత్తి ఊళ్ళో దూది రాలడమూ ఒక వింతేనా?

"కూరల పడ్తది, మూత పెట్టుకోరాదె" అనేది భూమవ్వ. పోతూ పోతూ మాత్రం గుప్పెడు దూది కొంగున ముడేసుకునేది, దీపం ఒత్తులకని.

రబియా మామ ఇబ్రాహీం దూదేకే మనిషి. భుజాన విల్లు వేసుకుని గల్లీ గల్లీ తిరిగి, గట్టిపడ్డ పరుపులు విప్పి, దూది ఏకి మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. ఎవరి దూది వాళ్ళకే చేరాలి, చిటికెడు కూడా తగ్గకూడదు. అది ఆయన పట్టు. ఇంత పట్టున్న మనిషికి పుట్టిన కొడుకు షరీఫ్ ఒట్టి నిద్రమొహం. పిడుగు పడ్డా లేవడు. రోజూ పొద్దున వాడి చెవి పక్కన విల్లు నారి 'టుంగ్' మనిపించి, "లేవురా, పొద్దు నెత్తికెక్కింది" అని అరవడం ఇబ్రాహీం మొదటి పని.

తిట్టిన నోటితోనే, వాడు కువైట్ పోయేనాడు తలకిందికి ఒక మెత్త కుట్టి చంకలో పెట్టాడు. ఏకిన దూది నడుమ, పసుపు దారం చుట్టిన పత్తిగింజ ఒకటి దాచాడు. దూరం పోయేవాళ్ళ తలకింద ఊరి గింజ ఉండాలన్నది ఆ ఇంటి ఆచారం.

ఆ ఏడు ఆగస్టులో కువైట్ మీద ఇరాక్ దండు పడింది. ఉత్తరాలు ఆగిపోయాయి. కొన్నాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఒక్కొక్కరే కట్టుబట్టలతో ఇల్లు చేరసాగారు. ఎడారిలో గుడారాల దగ్గర షరీఫ్‌ను చూశానని ఒకడన్నాడు. ఆ తర్వాత వచ్చినవాడు చూడలేదన్నాడు. వచ్చిన ప్రతివాడి ఇంటికీ పోయి రబియా మొగుడి సంగతి అడిగేది.

అయితే దూది రాలుతూనే ఉంది. అదొక్కటే ఆమెకు ధైర్యం.

"డబ్బా కువైట్‌దేనాయె మామా. ఆయిననే పంపుతుండు. దూది రాలినన్ని దినాలు ఆయిన సల్లగున్నట్టే."

ఇబ్రాహీంకూ ఆ మాట తియ్యగానే వినిపించింది. ఇంకేముంది, ఆట ఆగకపోయినా రబియా క్యాసెట్ పీకేది, పొద్దుగూకేదాకా దూది పట్టేది. మొగుడు వస్తే పడుకోవడానికి దానితో మెత్తటి పరుపు కుట్టసాగింది.

ఒక మధ్యాహ్నం దూదితోపాటు ఏదో టప్పున గచ్చు మీద పడింది. ఇబ్రాహీం వంగి తీశాడు. పసుపు దారం చుట్టిన పత్తిగింజ. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి ముడి చూశాడు.

"గిది వాని మెత్తల నేను పెట్టింది బిడ్డా."

"అంటే?"

"వాడు పంపుతలేడు. మనమే వాని తలకిందికెళ్ళి గుంజుకుంటున్నం. గింజ గూడ వచ్చిందంటే మెత్తల ఇంకేం మిగల్లే. నా కొడుక్కు నిద్ర లేక ఎన్ని దినాలాయెనో!"

రబియా తన చేతులకేసి చూసుకుంది. వాటిని నరుక్కోవాలనిపించింది. ప్రేమతో ఇంత పాపం చేయొచ్చని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"ఏడ్సుడు తర్వాత. పరుపు కుట్లు ఇప్పు" అన్నాడు ఇబ్రాహీం. "ఎవరి దూది వాళ్ళకు పోవాలె."

ఆయన విల్లందుకున్నాడు. ఆ చప్పుడుకు భూమవ్వ వచ్చి, సంగతి విని, వెనక్కి పరుగెత్తింది. చేసి పెట్టుకున్న ఒత్తులన్నీ తెచ్చి ఒక్కొక్కటే విప్పి దూది చేసింది. గింజ తీసిన పత్తి ఒడినిండా తెచ్చి పక్కన పోసింది.

"కాలిన ఒత్తులకు బదులు మా చెల్కల పండిన పత్తి. తక్కువ పడొద్దు అన్నా."

రబియా క్యాసెట్ ఊడబీకింది. తెర మీద తెల్లచుక్కలు లేచాయి. ఏకిన దూది దోసిట్లోకి తీసుకుని, తెర దగ్గరగా పట్టి, గుండెల్లో ఉన్న గాలంతా పెట్టి "ఉఫ్" అని ఊదింది. దూది గాజును తాకి, చుక్కల్లో చుక్కయి, లోపలికి పోయింది. దోసిలి తర్వాత దోసిలి. ముగ్గురికీ ఊపిరి పీల్చడానికే భయమేసింది. చివరికి గింజను అరచేతిలో పెట్టుకుని కళ్ళకద్దుకుని ఊదింది. గింజ పోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు క్యాసెట్ పీకినా దూది రాలలేదు.

చలి ముదిరాక ఒక పొద్దున షరీఫ్ రైలు దిగి వచ్చాడు. సగమయ్యాడు. చంకలో మెత్త మాత్రం బొద్దుగా ఉంది. రబియా గడపలోనే వాణ్ణి పట్టుకుని ఏడ్చింది. ఎదురింట్లోంచి భూమవ్వ ఉరికొచ్చింది.

"మెత్త రొట్టె లెక్క అయిపోయింది. నిద్రే లేకుండె" అని చెప్పాడు వాడు, చాయ్ తాగుతూ. "ఒక లారీవాడు తెల్లారంగ సరిహద్దు దాటిస్తనన్నడు. ఆ మాపటికి ఏమాయెనో, మెత్త కొత్త దాని లెక్క ఉబ్బింది. తల పెట్టిన. అంతే. పొద్దుగాల అందరు లేపిండ్రట, నేను లేవలే. ఇడిసిపెట్టి పోయిండ్రు."

"లారీ?" అన్నాడు ఇబ్రాహీం.

"ఇసుకల దారి తప్పింది. అండ్ల పోయినోళ్ళ జాడ ఇంక దొరకలే." షరీఫ్ గ్లాసు కింద పెట్టాడు. "మెత్తల ఏందో చెంపకు గుచ్చుతుండె గని."

రబియా కుట్టు విప్పి వెతికింది. పసుపు దారం గింజ పక్కన, గట్టిగా మెలిపెట్టిన దీపం ఒత్తి ఒకటి దొరికింది.

"నాదే" అంది భూమవ్వ, కళ్ళు తుడుచుకుంటూ. "తొందరల దీన్ని విప్పుడు మర్సిన."

వాళ్ళు తల తిప్పేలోపు షరీఫ్ ఉత్త చాప మీదే నిద్రపోయాడు. పొద్దు నెత్తికెక్కింది. ఇబ్రాహీం విల్లు భుజాన వేసుకుని కొడుకు తల దగ్గరికి వచ్చాడు. తర్వాత నారి మోగకుండా అరచేత్తో అదిమిపట్టి, విల్లును మెల్లగా గోడ మేకుకు తగిలించి, గల్లీలో ఎవరూ గట్టిగా మాట్లాడకుండా చూడటానికి వాకిట్లో కూర్చున్నాడు.