చెప్పులేసుకుని తెరిచే ఫ్రిజ్

ఆ ఇంట్లో ఫ్రిజ్ తెరవాలంటే కాళ్ళకు చెప్పులుండాలి. ఉత్తకాళ్ళతో తలుపు పట్టుకుంటే వేళ్ళు జిల్లుమంటాయి. అందుకే దాని ముందు ఎప్పుడూ ఒక జత రబ్బరు చెప్పులు పడి ఉంటాయి. ఎవరిల్లో అనుకునేరు! ఇరవై రెండేళ్ళుగా ఊరందరికీ వైరింగు చేసిపెడుతున్న కరెంటు మేస్త్రి సొంత ఇల్లే అది. ఇల్లాలు ఎన్నోసార్లు మొత్తుకుంది. "జిల్లుమంటే ఏమైందే? నిద్రమత్తు వదులుతుంది," అని ఆయన నవ్వేసేవాడు.

ఆ నవ్వు ఈమధ్య మాయమైంది. కారణం మరదలు.

ఇల్లాలి చెల్లెలు వాళ్ళింట్లోనే ఉండి చదువుకుంది. పెద్ద కాలేజీలో సీటు వచ్చినా కాదనుకుని, రెండు వీధుల అవతలి వృత్తి శిక్షణ బడిలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరింది. అప్పుడు మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "బల్ల మీద కూర్చోబెట్టి బల్బు మార్చడం నేర్పుతారా అమ్మా అక్కడ? నా వెంట నిచ్చెన పట్టుకో, ఆర్నెల్లలో పని వచ్చేస్తుంది," అన్నాడు. ఆమె సెలవు రోజుల్లో ఆయన నిచ్చెనా పట్టుకుంది, రెండేళ్ళు బడికీ వెళ్ళింది. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది.

అదిగో, అక్కడ మొదలైంది మేస్త్రికి కడుపుమంట. ఫొటో ఉన్న ఆ కార్డును ఇల్లాలు గోడకు తగిలించింది, అదీ సరిగ్గా ఆయన కుర్చీకి ఎదురుగా. ఫోను మోగితే, "మేస్త్రిగారూ, మీ మరదలుగారు ఉన్నారా?" అనేవాళ్ళు. నిన్నటిదాకా నిచ్చెన పట్టుకున్న పిల్ల ఇవాళ "గారు" అయిపోయిందట! ఆయనకు ముద్ద గొంతు దిగేది కాదు. ఒకరోజు ఎవరూ చూడకుండా ఆ కార్డును గోడవైపు తిప్పి పెట్టాడు. పావుగంటలో ఇల్లాలు మళ్ళీ ఇటు తిప్పింది.

అంతలో ఆయన చేస్తున్న లాడ్జి పని పూర్తయింది. మొత్తం పద్దెనిమిది గదులు. కరెంటు ఇవ్వాలంటే, అన్నీ పరీక్షించి చూశామని లైసెన్సు ఉన్నవాళ్ళు సంతకం పెట్టాలి. ఇన్నాళ్ళూ ఒక కాంట్రాక్టరు కూర్చున్నచోటి నుంచి కదలకుండా పెట్టేసేవాడు. ఇప్పుడు ఆ కాంట్రాక్టరు పని మానుకున్నాడు.

"మీ ఇంట్లోనే లైసెన్సు ఉందిగా!" అన్నాడు లాడ్జి యజమాని. "వారంలో సంతకం రాకపోతే వేరేవాళ్ళను పిలుస్తా. ఎదురుగా కట్టే రెండో లాడ్జి కూడా వాళ్ళకే."

మేస్త్రి మొహం మాడ్చుకుని ఇంటికి వచ్చి మరదలి ముందు కాగితం పడేశాడు.

"ఇక్కడో సంతకం గీకు."

"చూసొచ్చి పెడతా బావా."

"నా పని నువ్వు చూస్తావా? స్క్రూ ఎటు తిప్పాలో నేర్పింది నేను!"

"మీరే నేర్పారు, కాదన్నానా? సాకెట్లలో ఎర్త్ ఎలా ఇచ్చారో చెప్పండి చాలు."

ఎర్త్ అంటే, ఎక్కడైనా కరెంటు లీకైతే అది మనిషిలోంచి కాకుండా నేలలోకి పోయే దారి. గొయ్యి తవ్వి భూమిలో ఎర్త్ వేసి, తీగను గదిగదికీ లాగడం బండచాకిరీ. ఆయనకూ, ఆయనలాంటి చాలామందికీ ఒక చిట్కా తెలుసు. సాకెట్‌లోని ఎర్త్ పిన్నును పక్కనే ఉన్న, కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్‌తో బెత్తెడు తీగ పెట్టి కలిపేస్తారు. పరీక్ష బల్బు చక్కగా వెలుగుతుంది. చూసేవాళ్ళకు ఎర్త్ ఉన్నట్టే ఉంటుంది.

"ఇరవై రెండేళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు," అన్నాడు మేస్త్రి. "కార్డు రాగానే కళ్ళు నెత్తికెక్కాయి నీకు. నా నోటికాడి కూడు లాగేద్దామనేగా ఇదంతా?"

"ఏంటండీ ఆ మాటలు!" అంటూ ఇల్లాలు బట్టలుతుకుతున్నది కాస్తా వదిలేసి తడికాళ్ళతో వచ్చింది.

మరదలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకుని లేచి మెయిన్ ఆపింది. ఫ్రిజ్‌కు వెళ్ళే న్యూట్రల్ తీగను బోర్డులో ఊడదీసి, మళ్ళీ మెయిన్ వేసింది.

"ఈ తీగ ఇప్పటికే వదులుగా ఉంది. ఏదో ఒకరోజు దానంతటదే ఊడుతుంది బావా. మన సాకెట్‌లోనూ మీ చిట్కాయేగా ఉంది! తిరిగి వెళ్ళే దారి తెగితే కరెంటు ఆ బెత్తెడు తీగ మీదుగా తలుపులోకి వస్తుంది. మీ టెస్టర్ తీసి తలుపుకు పెట్టండి. నన్ను నమ్మకపోతే మానె, మీ టెస్టర్‌ని నమ్మండి."

మేస్త్రి జేబులోంచి టెస్టర్ తీసి పెట్టాడు. అది ఎర్రగా వెలిగింది. జిల్లుమనడం కాదు, మనిషిని చంపే కరెంటు తలుపు నిండా ఉంది.

"ఏమైందిప్పుడు?" అంటూ ఇల్లాలు అలవాటుగా తలుపు మీదికి చెయ్యి చాపింది.

"ముట్టుకోకే!" అని మేస్త్రి ఇల్లదిరేలా అరిచాడు.

ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. మరదలు గభాలున మెయిన్ ఆపేసింది. మేస్త్రి అక్కడే నేల మీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. పద్దెనిమిది గదులు. ఎవరెవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు దిగే గదులు. అంతకుముందు ఇరవై రెండేళ్ళుగా చేసిన ఇళ్ళు సరేసరి.

"లాడ్జిలో రేపు గొయ్యి తవ్వుదాం బావా, నేనూ వస్తా. తర్వాత పాత ఇళ్ళు ఒక్కొక్కటే చూసుకొద్దాం," అంది మరదలు.

లాడ్జి పని ఆరు రోజులు పట్టింది. పీకేసిన బెత్తెడు తీగలతో ఒక డబ్బా నిండింది. గదిగదిలో మీటరు పెట్టి చూశాకే ఆమె సంతకం చేసింది. ఈసారి మేస్త్రే నిచ్చెన పట్టుకున్నాడు.

మర్నాడు ఆయన వృత్తి శిక్షణ బడికి వెళ్ళాడు. "ఫారం ఎవరికండీ, పిల్లలకా?" అని అడిగారు మరదలికి చదువు చెప్పిన మాస్టారు.

"నాకేనండీ. పని చేసుకునేవాళ్ళకు సాయంత్రం క్లాసులున్నాయటగా."

"ఇంత అనుభవం ఉంది, ఇంకా ఎందుకు?"

"ఎలా చెయ్యాలో వచ్చు మాస్టారూ. ఏం చెయ్యకూడదో చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు." గొంతు తగ్గించి అడిగాడు. "మా మరదలికి ఎన్ని మార్కులొచ్చాయి?"

"ఎనభై ఏడు."

"నాకు ఎనభై ఎనిమిది రావాలి."

మాస్టారు పకపకా నవ్వారు. "ఈ కుళ్ళు మంచిదేనయ్యా, పుస్తకం తెరిపిస్తుంది," అన్నారు.

ఇప్పుడు ఆ ఇంటికీ అసలైన ఎర్త్ పడింది, రబ్బరు చెప్పులు గుమ్మం బయట ఉంటున్నాయి. ఇల్లాలు ఉత్తకాళ్ళతోనే ఫ్రిజ్ తెరుస్తోంది. గోడ మీద ఆ కార్డు పక్కనే మేస్త్రి ఇంకో మేకు కొట్టి ఉంచాడు. పని నేర్చినవారలారా, నేర్చుకోబోయేవారలారా, ఒక్క మాట గుర్తుంచుకోండి. లైసెన్సంటే మన చేతిపనిని నమ్మి ఉత్తకాళ్ళతో తిరిగే మనుషులకు, వాళ్ళ ప్రాణాలకు పూచీ మాదని మనమిచ్చే మాట.