ఈసుకపోయిన ఆవు

రెబెకా ఐరాల దగ్గర పశువుల ఆసుపత్రిలో నాలుగేళ్లు డాక్టరుగా చేసింది. తర్వాత తిరుపతిలో, పశువైద్యులను మనుషుల రోగాల మీద పరిశోధనకు తయారుచేసే మూడేళ్ల శిక్షణలో చేరింది. రెండో ఏడు ఆమెకొక పని అప్పజెప్పారు. ఒక అంటురోగంతో ఆవులు నెలలు నిండకుండానే దూడను ఈసుకపోయిన ఇళ్లలో, ఆ రోగం మనుషులకూ అంటిందేమో రక్తం తీసి చూడాలి.

తన పాత రిజిస్టరు తిరగేస్తుంటే రైతు దేవరాజులు పేరు కనబడింది. ఆ ఉదయం ఆమెకు బాగా గుర్తుంది. ఆవు ఏడో నెలలో ఈసుకపోయింది. తను భుజాల దాకా గ్లవ్స్ తొడుక్కుని కడుపులో మిగిలిన మాయ తీసింది. చచ్చిన దూడను ఆ ఇంటి కోడలు పవిత్ర వట్టి చేతులతో గోనెలోకి ఎత్తింది. పవిత్ర అప్పుడు నాలుగో నెల కడుపుతో ఉంది. ఇంకో మూడు ఊళ్లకు వెళ్లాల్సిన తొందరలో రెబెకా, ‘సబ్బుతో కడుక్కోమ్మా’ అని మాత్రం చెప్పి బండెక్కింది.

ఇప్పుడా ఇంటికి వెళితే పవిత్ర లేదు. అత్త నాగరత్నమ్మ మంచం వాల్చింది.

“ఆ ఆవు ఈసుకపోయిన నెలకే మా కోడలికీ కడుపు పోయినాది మేడమ్. మళ్లా ఇంకో ఆవు ఈసుకపోయినాది. దాని చెయ్యి మంచిది కాదని కొట్టంలోకి రానీలేదు. ఎప్పుడు సూసినా జొరమని పడుకునేది. పెద్దమనుషుల్లో పెండ్లి తెంచి, సత్యవేడు పుట్టింటికి పంపించేసినాము.”

నాగరత్నమ్మ రక్తంలో రోగం ఉన్నట్టు తేలింది. రెబెకా సత్యవేడు వెళ్లి పవిత్ర రక్తమూ తెచ్చింది. అందులోనూ ఉంది.

రెబెకా ఆ కాగితాలు తనకు శిక్షణ ఇస్తున్న రామచంద్రకు చూపించింది.

“ఆ బిడ్డ దీనివల్లే పోయిందని చెప్పొచ్చా సార్?” అని అడిగింది.

“రోగం అంటిందని చెప్పొచ్చు. బిడ్డ సంగతి ఈ రక్తం చెప్పదు. మనకు తెలిసినంతవరకే చెప్పాల, రెబెకా.”

మర్నాడు ఆమె మళ్లీ సత్యవేడు బస్సెక్కింది. పవిత్ర ఫ్యాక్టరీ పని ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చింది. రెబెకా అంతా చెప్పింది. సాయంత్రాలు వచ్చే జ్వరం, నడుం నొప్పి ఆ రోగానివేననీ, పెద్దాసుపత్రిలో ఆరు వారాలు మందులిస్తారనీ చెప్పింది. చివరికి తన తప్పూ చెప్పింది.

“నాకు తెలుసమ్మా, ఆ దూడను ముట్టుకోకూడదని. నేను గ్లవ్స్ వేసుకున్నా. నీకు చెప్పలా.”

పవిత్ర తన అరచేతుల వైపు చూసుకుంది.

“నా బిడ్డ దానివల్లే పోయినాదా?”

“అయ్యుండొచ్చు. ఖాయంగా చెప్పలేను.”

“రెండేండ్లు నా చెయ్యే పాపిష్టిదనుకున్నా మేడమ్. పక్కింటి పిల్లోళ్లను గూడా ఎత్తుకోలా.” లోపల్నుంచి పెన్ను తెచ్చి ఇచ్చి, “మీకు తెలిసింది ఒక కాగితం మీద రాసి, మా అత్తకు సదివి ఇనిపించండి” అంది.

రెబెకా రాసింది. రోగం ఆవు నుంచి వచ్చిందనీ, పవిత్ర వల్ల ఏ ఆవుకూ అంటలేదనీ, బిడ్డ పోవడానికి కారణం అదే అయ్యుండొచ్చనీ రాసింది. ఆ వారమే నాగరత్నమ్మ ముందు కూర్చుని చదివింది. నాగరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ముందే తెలిసుంటే...” అని ఆగింది. “మావోడికి పోయిన నెలే ఇంకో పెండ్లి సేసినాము మేడమ్.”

కొట్టంలో కొత్త కోడలు పాలు పిండుతోంది. రెబెకా లేచి వెళ్లి, పచ్చిపాలు తాగొద్దని, ఆవు ఈసుకపోతే చేయి పెట్టొద్దని, ఆ పిల్లకు అర్థమయ్యేదాకా చెప్పింది.

పవిత్ర మందులు మానకుండా వాడింది. ఆరు వారాలయ్యాక రెబెకా ఫోన్ చేసింది.

“జొరం రావడంల్యా మేడమ్. నడుమూ తేలిక పడినాది.”

“మూడు నెలలకొకసారి రక్తం చూడాల పవిత్రా. నేను వస్తా.”

పవిత్ర ఒప్పుకోలేదు.

“వేరే ఎవరినైనా పంపించండి. మీమీద కోపం లేదు. మీ గొంతు ఇంటే ఆ పొద్దు గుర్తుకొస్తాది.”

“అట్లనే” అంది రెబెకా.

తర్వాతిసారి సత్యవేడుకు తోటి శిక్షణార్థి ఏబెల్‌ను పంపింది. పవిత్ర రక్తం వచ్చాక పరీక్ష మాత్రం రెబెకాయే చేసింది.