దాది చీర కట్టిన తీజ్

నాకు ఇరవయ్యారేళ్లు. మా తండాలో ఈ వయసు ఆడపిల్లకి చంకలో ఒక బిడ్డ, కొంగు పట్టుకుని ఇంకో బిడ్డ ఉంటారు. లేదంటే సర్కారు ఉద్యోగమైనా ఉంటుంది. నాకు ఖమ్మం ఖానాపురం హవేలిలో ఒక కిరాయి గది ఉంది, షేర్ ఆటోలకు కూడా దారి ఇచ్చే ఒక స్కూటీ ఉంది, ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతి పిల్లలు ఉన్నారు. వీటికి తోడు బీఎడ్‌లో చదివిన సైకాలజీ ఒకటి.

ఆ పుస్తకంలో మనిషి జీవితాన్ని మెట్లలాగా గీసిన బొమ్మ ఉంటుంది. ఇరవైల్లో ఉన్నవాళ్లు తోడు వెతుక్కుంటారు. నడివయసువాళ్లు తర్వాతి తరం కోసం ఏదో ఒకటి చేసిపెడతారు. ముసలివాళ్లు చివరి మెట్టు మీద కూర్చుని వెనక్కి చూసుకుని తృప్తి పడతారు. ఆ బొమ్మ నాకు బాగా నచ్చింది. నా మెట్టు మీద నేను లేనన్న సంగతి పక్కన పెట్టి, మిగతావాళ్లందరినీ వాళ్ల వాళ్ల మెట్ల మీద కూర్చోబెట్టేదాన్ని.

మా దాదిని, అంటే నాన్నమ్మని, ఎప్పుడో చివరి మెట్టు మీద కూర్చోబెట్టేశాను. ఆమె పేరు పూలి. మా తండాలో లంబాడీ బట్టలు రోజూ కట్టే ఆఖరి మనిషి ఆమే. అద్దాలు కుట్టిన రవిక, పాదాల దాకా బరువుగా ఊగే ఫేట్యా అనే పావడా, చెంపల మీద వేలాడే వెండి గుత్తులు, మణికట్టు నుంచి భుజం దాకా తెల్లగాజులు. నా ఫోన్ తెర మీద ఆమె ఫోటోనే ఉంటుంది. బళ్లో ఎవరైనా చూసి "ఎవరు మేడమ్?" అని అడిగితే, "మా నాన్నమ్మ. మా సంస్కృతి" అని చెప్పేదాన్ని, చుడీదార్ చున్నీ సర్దుకుంటూ.

ఈ శ్రావణంలో తీజ్‌కి ముందు మా పెద్దనాన్న కొడుకు రాజేష్ ఫోన్ చేశాడు. తండా యువజన సంఘానికి అతనే అధ్యక్షుడు.

"సోనీ, జల్దీ రా. దాది మొత్తం ఖరాబు చేస్తున్నది."

"ఏమైందన్నా?"

"చీర కడ్తదంట."

"ఎవరికి?"

"ఎవరికేంది, ఆమెకే. బూర్గంపాడుల స్టేజి వేస్తున్నం, పెద్ద సార్లొస్తున్నరు, నడిమి కుర్చీ దాదికి పెట్టినం. ఫ్లెక్సీ గూడ కొట్టిచ్చిన. నిలువెత్తు దాది ఉన్నదండ్ల. ఇప్పుడు చీర కట్టుకొని వస్తే ఫ్లెక్సీల ఎవరున్నట్టు? నువ్వు సదువుకున్నదానివి, నువ్వు చెప్తే ఇంటది."

చదువుకున్నదానివి అంటే చాలు, నేను బస్సెక్కేస్తాను. కొత్తగూడెం దాటి అడవి మొదలయ్యేదాకా ఏం చెప్పాలో మనసులో అప్పచెప్పుకుంటూ వెళ్లాను.

ఇంటి ముందు దాది, సవరమ్మ కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నారు. సవరమ్మది బూర్గంపాడు. హాస్టల్లో వంట చేసి ఈ మధ్యే మానేసింది. ఆదివారం ప్రార్థనకి వెళ్తుంది, మిగతా రోజుల్లో మా దాదితో బస్సుల్లో తిరుగుతుంది. ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయినప్పటినుంచీ ఇద్దరికీ ఇదే పని. ఒకే సీట్లో పక్కపక్కన కూర్చుని స్నేహితులయ్యారు. డెబ్బై దాటాక.

"రా బిడ్డా," అంది దాది. మా ఇంట్లో మా భాషే మాట్లాడుకుంటాం కానీ సవరమ్మ ఉంటే తెలుగే. "రాజేష్‌గాడు పంపిండా?"

"లేదు దాది. తీజ్‌కి వచ్చిన."

"తీజ్‌కి నువ్వెప్పుడు పండుగనాడే వస్తవ్, పండుగ రేపు. ఇయ్యాల్నే దిగినవంటే వాడే పంపిండు."

పెళ్లికాని ఆడపిల్లలు తీజ్‌కి బుట్టల్లో గోధుమలు చల్లి, రోజూ నీళ్లు పోసి మొలకలు పెంచాలి. నా బుట్టకి మా చెల్లెలు పుష్ప నీళ్లు పోస్తుంది, నేను ఖమ్మం నుంచి ఫోన్లో గుర్తు చేస్తాను. మొలకలు ఎంత ఏపుగా ఉంటే అంత మంచి మొగుడొస్తాడంటారు. నా బుట్ట చూస్తే, వచ్చేవాడికి జుట్టు ఉండదని మాత్రం తెలుస్తోంది.

"దాది, చీర ఎందుకు?" అని మెల్లగా మొదలుపెట్టాను.

సవరమ్మ అందుకుంది. "సోనమ్మా, మీ దాదితో బస్సెక్కి చూడు తెలుస్తది. మెట్టు మీద ఆ ఘాగ్రా తట్టుకుంటది, కండక్టరు విజిల్ నోట్ల పెట్టుకొని ఎదురుచూస్తడు. ఎక్కినంక అందరు ఫోన్లు తీస్తరు. మొన్న పర్ణశాల పోయినం. గుడి చూడనీకొచ్చినోళ్లు గుడి ఇడిచిపెట్టి మీ దాది పక్కన పిల్లల్ని నిలబెట్టిన్రు. 'నవ్వమ్మా, నవ్వమ్మా' అని. పులిహోర తిననియ్యలే."

"నవ్వితే గూడ ఇడువలే," అంది దాది. చాట అందుకుని గింజలు చెరిగింది. "ఒక్కపారి ఎవలు సూడకుంట బజార్ల నడవాలె బిడ్డా. ఎవలో ముసల్ది పోతున్నది అనుకోవాలె. అది గూడ అనుకోకపోతే ఇంక మంచిది."

పుస్తకంలోని బొమ్మని గుర్తు చేసుకున్నాను. చివరి మెట్టు మీద కొత్త కోరికలకి చోటు గీయలేదు.

అయితే చీర అంత సులువు కాదు. సవరమ్మ తెచ్చిన జాకెట్టు చేయి మోచేతి దగ్గరే ఆగిపోయింది. దాది భుజం దాకా ఉన్న తెల్లగాజుల మీదికి ఏ జాకెట్టూ ఎక్కదు. ఆ ఎముక గాజులు పెళ్లినాడు వేసినవి. మోచేతి పైవి తీసేది ఒక్కరోజే, మొగుడు చచ్చిపోయిన రోజు. తండా ఆడవాళ్లు చుట్టూ చేరి తీస్తారు.

మా దాదా, అంటే తాత, దేవ్లా మాత్రం బతికే ఉన్నాడు. మనవడి ట్రాక్ ప్యాంటు వేసుకుని, అరుగు మీద కూర్చుని, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని.

"చీర కట్టుకో, నాకేంది," అన్నాడు. "నేనేమన్న పాతకాలపోణ్నా? గాజులు మాత్రం తియ్యకు. గా మాట అన్నకాన్నుంచి గిక్కడ ఏదో అయితున్నది."

"నిన్న కల్లు తాగినవ్, గదే అయితున్నది," అంది దాది.

నాకు ఉపాయం తట్టింది. దవాఖానాలో నర్సు దాదికి బీపీ పట్టీ కట్టడానికి చోటు లేక తల పట్టుకున్న సంగతి నాకు తెలుసు. "డాక్టరు తియ్యమన్నడని చెప్దాం దాది. అప్పుడు దాదాగూడ ఏమనడు."

"డాక్టరు ఏం చెప్పలే. నేను చెప్తున్న. డాక్టరు మాట మీద తీస్తే అది రోగమైతది. నా మాట మీద తియ్యాలె."

నేను దాది వైపు వచ్చానో, రాజేష్ అన్న వైపు వచ్చానో ఆ క్షణంలో నాకే తెలియలేదు. అందుకని బస్సులో అప్పచెప్పుకున్నది మొదలుపెట్టాను. నువ్వు తీసేస్తే తండాలో ఇంకెవరూ మిగలరని, ఇది మన గుర్తు అని, మన తాతముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసిన నాటినుంచీ వస్తున్నదని. బాగా చెప్పాను. సవరమ్మ కూడా ఒలవడం ఆపి విన్నది.

దాది అంతా విని అడిగింది: "ఎవలి గుర్తు?"

"మనందరిది."

"అందరిది గదా. మరి అందరు తలా ఒకరోజు మోస్తే అయిపాయె. మీ దాదా ధోతి ఇడిచి పాంటేసుకున్ననాడు ఎవలన్న ఏడ్చిన్రా? తండా గుర్తంత నా నడుముకే కట్టిన్రేంది? పో, పెట్టెల ఇంకొక జత ఉన్నది. కట్టుకో."

సవరమ్మ చాట పక్కన పెట్టి మరీ నవ్వింది.

కట్టుకున్నాను. కట్టుకోకపోతే నా ప్రసంగం నన్నే వెక్కిరిస్తుంది కదా. ఫేట్యా నడుముకి బిగించగానే ఎవరో వెనకనుంచి పట్టుకుని కిందికి లాగుతున్నట్టయింది. వెండి గుత్తులు తగిలిస్తే చెవులు రెండూ భుజాలకి దగ్గరయ్యాయి. గడప దాటబోయి తట్టుకుని గుంజ పట్టుకున్నాను. వాకిట్లోకి నాలుగడుగులు వేసి కూలబడ్డాను. నా సంస్కృతి అంతవరకే నడిచింది.

దాదా తల పక్కకి వాల్చి చూశాడు. "మంచిగున్నది. పత్తి చేన్ల నిలబెట్టొచ్చు. పందులు రావు."

పొద్దు వాలేవేళకి రాజేష్ వచ్చాడు. దాది అతన్ని చూసి చెప్పింది: "మీ దాదా భయపడ్తున్నడు. భయపడెటోని మీద నేను గాజులు తియ్య. గానీ స్టేజి మీదికి గూడ రాను. బస్సు గూడ ఎక్క. ఇంట్లనే ఉంట." లోపలికి వెళ్లి పొయ్యి ముందు కూర్చుంది. సవరమ్మ తెచ్చిన చీర మడత విప్పకుండా తిరిగి ఆమె సంచిలోనే పెట్టేసింది.

అరవలేదు, ఏడవలేదు. రొట్టెలు చేసి పెట్టింది, పిలిస్తే పలికింది. కానీ రేపు ఎక్కడికి వెళ్దాం, ఏ బస్సు ఎప్పుడొస్తుంది అనే మాటలు ఆగిపోయాయి. ఆ మాటలు ఆగేసరికి ఇల్లు ఇంత చిన్నదా అనిపించింది. నేను ఇన్నాళ్లూ దాది తృప్తి అనుకున్నది ఇదే కాబోలు. ఫోటోలో కూడా ఆమె ఇలాగే కూర్చుని ఉంటుంది.

దాదా అరుగు మీద కూర్చోలేకపోయాడు. వాకిలంతా తిరిగాడు, మేకల దగ్గరికి వెళ్లి వచ్చాడు. తర్వాత చూరులో చెయ్యి పెట్టి ఇనుప చువ్వలు కోసే రంపం బ్లేడు తీశాడు.

"దాదా, ఏంది గది?" అన్నాడు రాజేష్.

"తియ్యాలంటే నేనే తీస్త."

"తప్పు గదా. చచ్చినప్పుడు..."

"మొగడు చస్తే ఊరోళ్లు తీస్తరు. మొగడే కూసొని కోస్తుంటే వాడు చచ్చిండని ఎవడంటడ్రా?"

రాజేష్ నా వైపు చూశాడు. చదువుకున్నదాన్ని కదా. నేను దాదా వైపు చూశాను. అదెంత సరైన లెక్కో నాకు అప్పుడే అర్థమవుతోంది.

దాది చెయ్యి చాపింది. దాదా గాజుకీ ఒంటికీ మధ్య తడిగుడ్డ దూర్చి, ట్రాక్ ప్యాంటు మోకాళ్ల మీద ఆ చెయ్యి ఆనించుకుని కోయడం మొదలుపెట్టాడు. మొదటి గాజు టప్పున విడిపోగానే ఆగిపోయాడు. బ్లేడు కింద పెట్టి తన ఛాతీ తడుముకున్నాడు.

"ఉన్న," అన్నాడు.

"ఉన్నవ్‌లే, కొయ్యి," అంది దాది.

రెండోది కోసి, "ఉన్న." మూడోది కోసి, "ఉన్న." తర్వాత సవరమ్మే ముందుగా "ఉన్నడు, ఉన్నడు" అనడం మొదలుపెట్టింది. దాది నవ్వు ఆపుకోలేక చెయ్యి కదిలించేస్తుంటే దాదా తిట్టాడు.

గాజులన్నీ పోయాక ఆమె చెయ్యి కనిపించింది. మణికట్టు కింద ఎండలో పత్తి ఏరిన చెయ్యి, నల్లగా, ముడతలు పడి. మణికట్టు పైన మాత్రం తెల్లగా, మెత్తగా, వేరే ఎవరిదో అన్నట్టు ఉంది. ఎండ తగలని చోట వయసు కూడా సరిగ్గా తగల్లేదు. దాదా బొటనవేలితో అక్కడ ఒక్కసారి ముట్టుకున్నాడు.

"గిది పెండ్లినాటి చెయ్యి," అన్నాడు. వెంటనే ముక్కలు ఏరే పని పెట్టుకుని తల వంచేశాడు.

మర్నాడు బూర్గంపాడులో రోడ్డు పక్క మైదానంలో స్టేజి. నడిమి కుర్చీ ఖాళీగా ఉంచలేమని రాజేష్ నన్ను బతిమాలాడు. కాబట్టి దాది ఫేట్యా కట్టి, దాది గుత్తులు తగిలించుకుని, మైదానం అంతటిలోకీ పొట్టి మొలకల బుట్ట ఒళ్లో పెట్టుకుని నేనే కూర్చున్నాను. నా వెనక దాది నిలువెత్తు ఫ్లెక్సీ. అదే ఫ్లెక్సీ ఇంకొకటి మైదానం పక్కన కర్రలకి కట్టారు. దాని కింద అసలు దాది, సవరమ్మ ఇచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకుని, వేరుశెనక్కాయలు తింటూ కూర్చుంది. పక్కన దాదా, సవరమ్మ.

సంఘం కుర్రాడొకడు వాళ్ల దగ్గరికి పరుగున వచ్చాడు. "అవ్వా, జర జరుగు. ఫ్లెక్సీకి అడ్డమొస్తున్నవ్. ఫోటోల పడాలె."

దాది లేచి జరిగింది. అంత సంతోషంగా జరిగిన మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. సవరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత మైకు నా చేతికిచ్చారు. పెద్దల నుంచి మనం ఏమి నేర్చుకోవాలో నేను చెబుతూ ఉండగానే రోడ్డు మీద భద్రాచలం బస్సు వచ్చి ఆగింది. దాది నా ప్రసంగం మధ్యలోనే లేచింది. జనంలోంచి నడిచింది. ఎవరూ తిరిగి చూడలేదు, ఫోన్ తీయలేదు. ఒకామె దారి ఇవ్వడానికి కాళ్లు ముడుచుకుంది, అంతే. బస్సు మెట్టు ఒక్క అడుగులో ఎక్కేసింది. వెనక సవరమ్మ. కండక్టరు విజిల్ వెంటనే వేశాడు.

నేను మైకు పట్టుకుని ఆ బస్సునే చూస్తున్నాను. చెప్పాల్సిన మాట మర్చిపోయాను. జనం చప్పట్లు కొట్టారు, అయిపోయిందనుకుని.

దాదా ఒక్కడే ఫ్లెక్సీ కింద మిగిలాడు. నేను అతని వైపు చూడటం గమనించి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూశాడు. తల ఊపాడు. ఉన్నాడట.

స్టేజి దిగుదామని లేస్తే ఫేట్యా కుర్చీ కాలికి చిక్కుకుంది. దాన్ని విడిపించుకునేలోగా ఎవరో ఇద్దరు పిల్లల్ని తెచ్చి నాకు చెరోవైపు నిలబెట్టారు.

"నవ్వమ్మా," అన్నారు ఫోన్ ఎత్తి.

నవ్వాను.

"ఇంకొక్కటి."