పొయ్యి మీద మైనం డబ్బాలు

కితామి ఊళ్ళో ఆ ఉదయం చలి ఎముకలు కొరికేస్తోంది. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు కార్ల అడుగుభాగాన్ని తినేస్తుంది కాబట్టి, చలికాలమంతా మసనోబు షెడ్డుకి తీరికుండదు. కారు కిందికి దూరి, తుప్పు పట్టకుండా మైనం కొట్టడం అతని పని. సందుల్లోకి కొట్టే మైనం స్ప్రే డబ్బాలు చలికి బిగుసుకుపోకుండా వేణ్ణీళ్ళలో ఉంచి అందించడం భార్య సవాకో పని.

"గోరువెచ్చగా ఉంటే చాలే. నీ మిసో చారులా తెర్లించకు," అన్నాడు శబ్దం వినపడకుండా చెవులకి తొడుగులు పెట్టుకుంటూ.

"ఆ చారు తాగే కదా ఇంత లావయ్యారు! ముందు కారు కిందికి దూరగలరో లేదో చూసుకోండి," అంది సవాకో.

అతను కారు కిందికి దూరాడు. బేసిన్‌లో నీళ్ళు ఇట్టే చల్లారిపోతున్నాయి. మార్చి మార్చి విసుగెత్తి, ఒక్క నిమిషమే కదా అని డబ్బాలతో సహా బేసిన్‌ని కిరోసిన్ పొయ్యి మీద పెట్టింది. అంతలోనే షెడ్డు కప్పు మీది మంచు దభీమని వాకిట్లో కూలింది. పార పట్టుకుని బయటికెళ్ళి, చలి లోపలికి పోకుండా షట్టరు దించేసింది. మంచు ఎత్తిపోసే ధ్యాసలో బేసిన్ సంగతే మరిచిపోయింది.

ఉన్నట్టుండి గుర్తొచ్చింది. నీళ్ళు ఆవిరైపోతే ఆ డబ్బాలు బాంబుల్లా పేలతాయి!

పరుగెత్తుకొచ్చి షట్టరు ఎత్తబోతే కదలదే! అడుగున తడి గడ్డకట్టి నేలకి కరుచుకుపోయింది.

"ఏమండీ! బయటికి రండి! ఏమండీ!" రెండు చేతులా బాదింది. లోపల మైనం కొట్టే కంప్రెసర్ రొద. ఆయనకేం వినపడుతుంది, నా తలకాయ! చేజేతులా మనిషిని చంపుకుంటున్నాను దేవుడా అని ఏడుస్తూ పార అంచుతో గడ్డని పొడిచింది. పార పక్కకి జారిపోతోంది. చివరికి షట్టరు నేల నుంచి ఊడి నడుమెత్తుకి లేచింది.

వంగి లోపలికి దూరింది. బేసిన్‌లో నీళ్ళన్నీ ఇగిరిపోయాయి. డబ్బాలు టిక్కు టిక్కుమంటున్నాయి. వాటి దగ్గరికెళ్ళే ధైర్యం చాలలేదు. కారు కింద నుంచి మొగుడి కాళ్ళు కనిపించాయి. రెండు మడమలూ పట్టుకుని, అతను పడుకున్న చక్రాల పలకతో సహా బయటికి ఈడ్చింది.

"ఒసేయ్, పిచ్చిగానీ పట్టిందా! మొహమంతా మైనం పడింది!"

ఆమె అతన్ని అలాగే మంచులోకి లాక్కుపోయింది. లోపల ఢామ్మని పేలింది. వెంటనే మరొకటి. కిటికీ అద్దం పగిలి నల్లటి పొగ బయటికి తన్నుకొచ్చింది.

మసనోబు చెవి తొడుగులు లాగేసి పొగని చూశాడు, భార్యని చూశాడు.

"డబ్బాలెక్కడ పెట్టావే?"

"పొయ్యి మీద. నేనేనండీ... నేనే పెట్టాను."

అతను మొహం మీది మైనం చేత్తో తుడుచుకున్నాడు.

"సరే, లే. ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యాలి. నా కాళ్ళు వదులు."

వదలాలనే ఉంది సవాకోకి. వేళ్ళు మాట వినలేదు. ఒక్కో వేలూ అతనే విడదీయాల్సి వచ్చింది.