వైరు లేని చెవి మిషన్

నలభై రెండు వేలు, రెండూ కలిపినా చింతగింజంత లేవు, తల దువ్వుకుంటుంటే కింద పడితే వెతికినా దొరకవు, పైగా వైరు లేదు, వైరు లేనందుకే ఈ ధర అంటోంది కౌంటర్ వెనక నిలబడ్డ శైలజ అనే అమ్మాయి, ఉన్నది తీసేసి ధర పెంచడం ఈ జగిత్యాల చెవి మిషన్ల షాపులోనే చూస్తున్నాను, కోరుట్లలో మా పెద్దబావ రాజయ్య వైరు మిషనే పెట్టుకుంటాడు, మూడు వేలది, చొక్కా జేబులో చిన్న డబ్బా, అక్కణ్ణుంచి చెవికి వైరు, ఆయనకేం తక్కువైంది, కాకపోతే చొక్కా రాసుకున్నప్పుడల్లా చెవిలో గరగరమంటుందట, అందుకని మనం మాట్లాడుతుంటే జేబు మీద చెయ్యి పెట్టుకుని వింటాడు, ఎవరికో ఒట్టు వేస్తున్నట్టు, మా ఆయన గంగారాంకి అది పనికిరాదు, ఇరవై ఎనిమిదేళ్లుగా సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మనిషి, వంగినప్పుడు ఆ వైరు పోయి మగ్గం బెల్టులో చిక్కితే, వద్దు, ఆ ఆలోచనే వద్దు.

అయినా శైలజ అసలు మాట ఇప్పుడు చెబుతోంది, అమ్మా, సాంచెల కాడ ఇవి పెట్టుకోవద్దు, గా మోతకు ఉన్న వినికిడి గూడ పోతది, తీసి డబ్బల పెట్టాలె, ఇంటికచ్చినంక పెట్టుకోవాలె, అంటే పనిలో ఉన్న పన్నెండు గంటలు డబ్బాలో, పడుకున్నప్పుడు చార్జింగులో, స్నానానికి తియ్యాలి, మరి వినేది ఎప్పుడు, ఇంట్లో మెలకువగా ఉండే ఆ నాలుగైదు గంటలు, ఆ నాలుగైదు గంటల్లో వినడానికి ఏముంది, నేను బీడీలు చుడుతుంటాను, ఆయన అన్నం తింటాడు, అంతే కదా, ఆ డబ్బుతో వంటింటి మీద రేకులు మార్చుకుంటే ఈ వానాకాలమన్నా కురవకుండా ఉంటుంది, అందుకే దాచాను, మనీషా వింటేగా, కోరుట్లలో మందుల షాపులో పనిచేసే మా బిడ్డ, ఫోన్లో ఒకటే పోరు, అమ్మా, బాపు నాలుగేండ్ల సంది నా ఫోనెత్తి హలో హలో అని పెట్టేస్తుండు, నా గొంతు ఆయనకు యాదికున్నదో లేదో, గీ మిషన్‌కైతే ఫోను సక్కగ చెవులకే అస్తదట.

శైలజ ఆయన చెవుల్లో రెండూ అమర్చింది, ఫోనులో ఏదో నొక్కింది, ఆయన ఉలిక్కిపడి పైకి చూశాడు, ఫ్యాను, ఫ్యానుకు కూడా చప్పుడుంటుందని మరిచిపోయినట్టున్నాడు, నేను అలవాటుగా ఆయన వెనక నిలబడి గొణిగాను, రేకుల పైసలన్ని చెవులల్ల వోసుకుంటుండు, వానకాలం నేను నెత్తి మీద గిన్నె వెట్టుకోని వండుత అని, నాకు నేను అనుకున్నంత మెల్లగానే, ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు, గిన్నెందుకే శారదా, రేకులు నేనెక్కి సదురుత గద.

సంతోషం కాదు, దొరికిపోయినట్టు అనిపించింది, ఆయనకు వినికిడి పోయిన ఈ ఎనిమిదేళ్లుగా ఆయన ముందు నేను అనని మాట లేదు, నీతోని బతుకుడు గోడతోని బతుకుడే అని నవ్వు మొహంతో అన్నాను, ఆయన కూడా నవ్వి పచ్చడి వెయ్యమని కంచం చూపించాడు, రెండేళ్ల కింద రొమ్ములో గడ్డ తగిలినప్పుడు ఒక్కదాన్నే కరీంనగర్ పోయి చూపించుకున్నాను, ఏమీ కాదన్నారు, కాని పోయే ముందు రోజు ఆయన అన్నం తింటుంటే పక్కన కూర్చుని చెప్పాను, నాకు భయమైతుంది అని, మెల్లగా, వినడని తెలిసే చెప్పాను, వింటే చెప్పేదాన్నా, చెప్పేదాన్ని కాదు, ఆయన వినకపోవడం నాకు అంత బాగా కలిసొచ్చింది, రేకులు రేకులు అని పొద్దుటి నుంచి నేను పెడుతున్న గోల రేకుల గురించేనా.

డబ్బు కట్టేశాం, ఎవరు ముందు సరేనన్నారో గుర్తు లేదు, ఇంటికి పోవడానికి వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సు దొరికింది, ఇంజన్ మోతకు ఆయన మొహం చిట్లించాడు కాని మిషన్లు తియ్యలేదు, కిటికీ వైపు చూస్తూ అన్నాడు, అన్నం తినంగ నీ పెదవులు కదులుతుండె, రోజు సూసేటోన్ని, మరి ఏమన్నవని ఒక్కనాడన్న అడగకపోతివి అన్నాను, ఆయన చెప్పాడు, అడిగితె నువ్వు గట్టిగ ఒర్రుతవ్, ఒర్రితె రాత్రి దాక గొంతు వట్టుకోని దగ్గుతవ్, అందుకే అడుగుడు బంద్ చేసిన, ఇప్పుడు చెప్పు, ఏదన్న చెప్పు.

మనీషాకు ఫోను చేద్దామా అందామని నోరు తెరిస్తే అది కేకై వచ్చింది, బస్సులో సగం మంది మా వైపు తిరిగారు, ఆయన రెండు చెవుల మీద చేతులు పెట్టుకుని నవ్వాడు, నెమ్మదిగనే, ఇనవడుతుంది అన్నాడు, మళ్లీ ప్రయత్నించాను, ఈసారి గొణుగుడైంది, కేకకీ గొణుగుడికీ మధ్య ఉండే గొంతు, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడే మామూలు గొంతు, నాకు దొరకలేదు, పది రోజుల్లో ఆయనకు అలవాటైపోతుందని శైలజ చెప్పింది, నా సంగతి ఆమె చెప్పలేదు, ఆమెకేం తెలుసు, ఎనిమిదేళ్లలో ఆయన వినాలని నేను మనసులో మాట ఒక్కటైనా అనలేదు, అది ఆయన చెవుల వల్ల కాదు, ఆ నాలుగైదు గంటల్లో వినడానికి మా ఇంట్లో ఉన్నది నేనే, ఇక ఆ మిషన్ నలభై రెండు వేలు చేస్తుందా లేదా అన్నది, నేను ఆయనతో ఏం మాట్లాడతానన్న దాని మీదే ఉంది.