ఒక చెయ్యి రంగు వేరు

ఈస్టరు మర్నాడు పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లడం ప్రభాకరరావు ఇంట్లో అలవాటు. 1986లో ఈస్టరు మార్చి నెలాఖరున వచ్చింది. ఎండలింకా ముదరలేదు. రాజోలులో పొద్దున్నే బస్సెక్కితే ఎనిమిదికల్లా అంతర్వేదిలో దిగొచ్చనీ, సముద్రం చూసి, సరుగుడు తోటలో భోజనాలు చేసి, ఎండెక్కేలోగా తిరుగు బస్సు పట్టుకోవచ్చనీ ఆయన ముందురోజే చెప్పాడు. ఆయన మండలాఫీసులో గుమాస్తా. భార్య లీలావతి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. తల్లి కాంతమ్మ ఆడపిల్లల బళ్లో ముప్పై ఏళ్లు కుట్లూ అల్లికలూ నేర్పి రిటైరయింది. ఏడేళ్ల రత్నకుమార్, రెండున్నరేళ్ల హెప్సీ పిల్లలు.

వాళ్లిద్దరి మధ్యా ఇంకొక ఆడపిల్ల పుట్టింది. మూడు రోజులు బతికింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

బస్సులో లీలావతి కిటికీ పక్కన కూర్చుని పిల్లల టోపీ అల్లుతూనే ఉంది. ఊలు సూదులు పట్టుకోవడం ఆమెకు పెళ్లయ్యాక అత్తగారే నేర్పింది. ఇప్పుడు వీధిలో ఏ ఇంట్లో పురుడొచ్చినా ఆమె చేతి టోపీయో మేజోళ్లో వెళ్లాల్సిందే. కాంతమ్మ ఒళ్లో హెప్సీ ఊలు ఉండ పట్టుకుని, దారం లాగినప్పుడల్లా కిలకిలా నవ్వుతోంది.

సముద్రం ఒడ్డున గాలి చల్లగా ఉంది. చాప పరిచారు. క్యారేజీలో పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, బూరెలు. ప్రభాకరరావు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి రత్నకుమార్ చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగాడు. హెప్సీ ఇసకలో ఎర్ర పీతల వెనక పరిగెత్తింది. అవి కన్నాల్లో దూరిపోతుంటే అరుస్తూ ఇంకొంచెం దూరం, ఇంకొంచెం దూరం వెళ్లి, ఒడ్డుకి లాగి ఉన్న పడవ చాటుకి చేరింది.

"హెప్సీ! అక్కడే ఆగు తల్లీ" అంటూ లీలావతి అల్లిక చాప మీద పెట్టి లేచింది.

పడవ నీడలో ఒక పల్లెకారమ్మాయి వల బాగుచేసుకుంటోంది. ఇరవై నాలుగో పాతికేళ్లో ఉంటాయి. పక్కనే గోనె మీద అయిదారు నెలల బిడ్డ బోర్లా పడుకుని తలెత్తి చూస్తున్నాడు. హెప్సీ వాడి ముందు చతికిలబడి, "బాబూ, బాబూ" అని బుగ్గ ముట్టుకుంటోంది.

లీలావతి నవ్వుతూ వంగింది. వంగిన మనిషి అలాగే ఉండిపోయింది.

బిడ్డ ఒంటిమీద పసుపుపచ్చ ఊలు స్వెట్టరు. కుడిచెయ్యి మొత్తం పసుపు. ఎడమచెయ్యి మోచేతి దగ్గరనుంచి నీలం.

ఆ ఊలు అమలాపురంలో కొన్నది. ఎడమచెయ్యి సగంలో ఉండగా అయిపోయింది. మళ్లీ వెళితే కొట్లో అదే రంగు దొరకలేదు. నెలలు నిండిపోయాయి, ఆగడానికి వీల్లేదు. భర్త పాత నీలం మఫ్లరు విప్పి ఆ ఊలుతో చెయ్యి పూర్తి చేసింది. ఇలాంటి స్వెట్టరు ప్రపంచంలో రెండోది ఉండదు. అది మట్టిలో ఉండాలి. నాలుగేళ్ల నాలుగు నెలల కిందట తన బిడ్డ ఒంటిమీద అది సమాధుల తోటకి వెళ్లింది.

లీలావతి మోకాళ్ల మీద కూలబడింది. బిడ్డ మెడ దగ్గర స్వెట్టరు అంచు తిప్పి చూసింది. లోపలివైపు ఎర్రదారంతో తను కుట్టిన చిన్న సిలువ. వెలిసిపోయింది గానీ ఉంది.

"ఏంటండీ అమ్మగారూ?" అంది వల చేతిలో పట్టుకున్న అమ్మాయి. ఆమె పేరు నరసమ్మ.

లీలావతి గొంతులోంచి వచ్చిన కేకకి నీళ్లలో ఉన్న ప్రభాకరరావు కూడా వెనక్కి తిరిగాడు.

"ఎవరు తవ్వేరు? నా పిల్లని ఎవరు తవ్వి తీసేరు? చెప్పు!"

హెప్సీ ఏడుపు లంకించుకుంది. నరసమ్మ బిడ్డని చటుక్కున ఎత్తుకుని గుండెకి అదుముకుంది. "తవ్వడమేంటండీ? ఇది మా పెద్దపిల్లదండీ. అది పుట్టినప్పుడు అమలాపురం ఆస్పత్రిలో ఒక పెద్దమ్మగారిచ్చేరు. దొంగసొత్తు కాదండీ, నరసింహస్వామి మీద ఒట్టు."

"ఏ పెద్దమ్మగారు?"

నరసమ్మ లీలావతి భుజం మీదుగా చూస్తోంది. కేక విని కాంతమ్మ చెప్పులు లేకుండా ఇసకలో గబగబా వస్తోంది. నరసమ్మ ముఖం ఒక్కసారిగా విప్పారింది.

"ఈవిడేనండీ! అమ్మగారూ, నన్ను గుర్తుపట్టేరా? నేనండీ, నరసమ్మని. ఆస్పత్రిలో గుమ్మం పక్క మంచం. మా లచ్చి బతికిందండీ! ఇప్పుడు నాలుగేళ్లండి దానికి."

కాంతమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. ఆవిడ కళ్లు నరసమ్మని చూడలేదు. బిడ్డ ఒంటిమీది స్వెట్టరుని చూశాయి, తరవాత కోడల్ని చూశాయి.

"అత్తయ్యగారూ" అంది లీలావతి. "తొడిగే పంపేనన్నారు."

ఈలోగా ప్రభాకరరావు రొప్పుకుంటూ వచ్చాడు. స్వెట్టరు చూశాడు. ఆశ్చర్యపోలేదు. తల దించుకున్నాడు. లీలావతికి ఆ తల దించుకోవడం కనిపించింది.

"మీకూ తెలుసా అండీ?"

ఆయన మడిచిన ప్యాంటు కిందికి లాక్కున్నాడు.

నరసమ్మకి సగమే అర్థమైంది. గబగబా గుండీలు విప్పి స్వెట్టరు బిడ్డ ఒంటినుంచి తీసేసింది. "తీసుకోండమ్మగారూ. మీదైతే తీసేసుకోండి. నాకు తెలీదండీ" అని రెండు చేతులా చాపింది.

లీలావతి తీసుకుంది. సముద్రపు గాలికి బిడ్డ గుక్కపట్టాడు. వాడి ముక్కు కారుతోంది. అది చూసి కూడా ఆమె స్వెట్టరు వెనక్కివ్వలేదు. పిడికిట్లో బిగించి పట్టుకుని, హెప్సీని చంకనేసుకుని బస్సు ఆగే చోటికి నడిచింది.

ఆ రోజు ఎవరూ పులిహోర ముట్టుకోలేదు. బస్సులో రత్నకుమార్ రెండుసార్లు ఆకలన్నాడు. కాంతమ్మ వాడి చేతిలో బూరె పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటికి చేరాక లీలావతి నేరుగా వంటింట్లోకి వెళ్లి పీట మీద కూర్చుంది. కాంతమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

నాలుగేళ్ల కిందటి ఆ డిసెంబరులో, అమలాపురం ఆస్పత్రిలో కాన్పు కష్టమైంది. రెండోరోజు నుంచి లీలావతికి ఒళ్లు తెలియని జ్వరం. మూడోరోజు తెల్లారగట్ల పిల్ల పోయిందని చెప్పినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. "అత్తయ్యగారూ, స్వెట్టరు తొడిగే పంపండి. మట్టి చల్లగా ఉంటుంది." కాంతమ్మ "ఆయ్, అలాగేనమ్మా" అంది. అప్పటినుంచి చలికాలం వచ్చినప్పుడల్లా లీలావతి ఆ ఒక్క మాట పట్టుకుని నిద్రపోయేది. పిల్ల వెచ్చగా ఉంది, నా చేత్తో అల్లిన దానిలో ఉంది, అనుకునేది.

"ఒట్టి ఒంటితో పెట్టేరా నా పిల్లని?"

"లేదమ్మా. నా తెల్లచీర చింపి నాలుగు మడతలు చుట్టేను. దేవుడి తోడు."

"చీర!" అంది లీలావతి. "నాకెందుకు చెప్పలేదు? నాలుగేళ్లు! ఆ రోజు నన్నడిగితే నేనే ఇచ్చేదాన్ని కదా."

"ఇచ్చేదానివి కాదు లీలా."

మాట మెల్లగానే వచ్చింది. లీలావతి చెంప మీద కొట్టినట్టు తలెత్తింది.

"ఏ తల్లీ ఇవ్వదమ్మా" అంది కాంతమ్మ. "నేనైనా ఇవ్వను. అందుకే అడగలేదు. చెప్తే నువ్వు తట్టుకోలేవని వాడిచేత కూడా చెప్పనివ్వలేదు. తప్పు నాదే. వాడినేం అనకు."

లీలావతి లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. కొబ్బరిచెట్టుకి ఆనుకుని నిలబడి, ఆ రోజుని మళ్లీ ఊహించుకుంది. జ్వరంలో తను, పక్కన అత్తగారు వంగి అడుగుతున్నట్టు. స్వెట్టరు వేరేవాళ్ల పిల్లకిచ్చేదా? ఎంత ఆలోచించినా ఒకటే జవాబొచ్చింది. అత్తగారి మీద వచ్చిన కోపం కంటే ఆ జవాబే ఆమెని ఎక్కువ కుదిపేసింది.

తరవాత వారం రోజులు ఇంట్లో మాటలు లెక్కగా నడిచాయి. అన్నం పెట్టాను, పిల్ల పడుకుంది, పాలబ్బాయి వచ్చాడు. అంతే. ఒంటిపూట బళ్లు. మధ్యాహ్నం ఇంటికొచ్చి లీలావతి ట్రంకుపెట్టెలోంచి స్వెట్టరు తీసి చూసుకునేది. మొదటిరోజు వాసన చూసింది. తన పిల్ల వాసన ఉంటుందేమోనని కాదు, ఏం ఉంటుందో తెలియక. ఉప్పు వాసన, ఆముదం వాసన, పాల వాసన. మూడోరోజు వెలుతురులో పెట్టి చూస్తే కుడి మోచెయ్యి దగ్గర చిరుగు కనిపించింది. వీపు మీద ఒకటి, అంచున ఒకటి. మూడూ వల దారంతో ముడులు వేసి పూడ్చి ఉన్నాయి. వల చిరిగితే పల్లెకారులు వేసే ముడులే. గట్టిగా, వరసగా, ఒక్క కుట్టూ జారకుండా వేశారు. ఊలు అల్లడం రానివాళ్లు, తమకొచ్చిన విద్యతో దాన్ని నాలుగేళ్లు కాపాడుకున్నారు.

చాలాసేపు ఆ ముడుల మీద వేలు రాస్తూ కూర్చుంది. మర్నాడు బడినుంచి వస్తూ ఎర్ర ఊలు కొనుక్కొచ్చింది. సరిపడా అడిగి, ఒక ఉండ ఎక్కువే తీసుకుంది.

కొత్త స్వెట్టరు అయిదు రోజుల్లో అయింది. కాంతమ్మ అన్నీ చూస్తూనే ఉంది. ఒకసారి చంక దగ్గర కుట్లు తగ్గిస్తున్నప్పుడు, "అక్కడ రెండు ఎక్కువ ఉంచు, పిల్లాడు బొద్దుగా ఉన్నాడు" అంది. లీలావతి తలెత్తకుండానే రెండు కుట్లు ఎక్కువ ఉంచింది.

శనివారం హెప్సీని తీసుకుని ఒక్కతే అంతర్వేది వెళ్లింది. అడుగుతూ అడుగుతూ పల్లిపాలెంలో నరసమ్మ ఇల్లు పట్టుకుంది. నరసమ్మ ఆమెని చూడగానే గుమ్మంలో నుంచే చేతులు జోడించింది.

"మళ్లీ ఏం తప్పు చేసేనమ్మగారూ?"

"తప్పు నేను చేసేను. చంటిపిల్లాడి ఒంటిమీది బట్ట లాక్కెళ్లేను" అని లీలావతి ఎర్ర స్వెట్టరు ఆమె చేతిలో పెట్టింది. "ఇది వాడిది."

నరసమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. తరవాత చాప వేసి, లోటాతో నీళ్లిచ్చి, ఎదురుగా కింద కూర్చుంది. లచ్చి వచ్చి తల్లి వీపు మీద వాలి, కొత్తవాళ్లని ఒక కన్నుతో చూసింది. నల్లగా, పుష్టిగా ఉంది. హెప్సీ చేతిలో బిస్కెట్టు చూసి మెల్లగా పక్కకి చేరింది.

"ఇది ఏడో నెల్లో పుట్టిందండీ" అంది నరసమ్మ. "పిడికెడంత ఉంది. వెచ్చగా ఉంచమన్నారండీ నర్సుగారు. మా దగ్గర ఏముందండీ, ఒక పాతచీర. మా ఆయన వేటకెళ్లేరు. తెల్లారేసరికి దీని కాళ్లూ చేతులూ నీలం అయిపోయేయి. అప్పుడు ఆ పెద్దమ్మగారు మీ పాపని ఎత్తుకుని మా మంచం పక్కనుంచి వెళ్తున్నారండీ. నాలుగడుగులు ఎళ్లి ఆగిపోయేరు. వెనక్కొచ్చి నా పిల్లని చూసేరు."

ఆమె ఆగింది. చెప్పొచ్చో లేదో అన్నట్టు లీలావతి ముఖంలోకి చూసింది.

"చెప్పు" అంది లీలావతి.

"నేల మీద కూర్చుండిపోయేరండీ. మీ పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని గుండీలు విప్పబోతే ఆవిడ చేతులు ఆడలేదు. మా అమ్మ విప్పిందండీ. మీ ఆయన వద్దమ్మా, వద్దమ్మా అంటూనే ఉన్నారు. ఆవిడ వినలేదు. దీనికి తొడిగితే..." నరసమ్మ గొంతు తగ్గింది. "స్వెట్టరు ఇంకా వెచ్చగా ఉందండీ అమ్మగారూ. మీ పాప వెచ్చదనం అందులో ఇంకా ఉంది."

లీలావతి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. నాలుగేళ్లుగా ఊహించుకున్నదేదీ ఇలా లేదు. బిడ్డ పోయిన తరవాత బిడ్డది అంటూ ఏదో మిగిలిందనీ, అది ఇంకొకరి ఒంట్లోకి వెళ్లిందనీ ఆమెకెప్పుడూ తోచలేదు. ఎదురుగా లచ్చి హెప్సీ చేతిలో సగం బిస్కెట్టు లాక్కుని పరిగెత్తింది. హెప్సీ అరుస్తూ వెంటపడింది. లీలావతి ఆ రెండు జతల కాళ్లని చూస్తూ, ఏడుస్తున్నానని తెలియకుండానే ఏడ్చింది. నరసమ్మ లేచొచ్చి పక్కనే కూర్చుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాంతమ్మ వసారాలో బియ్యం ఏరుతోంది. లీలావతి హెప్సీని దింపి, ఆవిడ ఎదురుగా కింద కూర్చుంది. చేట ఇంకో అంచు తన వైపు లాక్కుని తనూ రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

"అత్తయ్యగారూ."

"ఊఁ."

"జ్వరంలో నేను పాపని సరిగ్గా చూడలేదు. కళ్లు మూతలు పడిపోయేవి. ముఖమే గుర్తులేదు. మిమ్మల్నడగడానికి భయమేసేది." లీలావతి చేటలోంచి తలెత్తలేదు. "ఎలా ఉండేది?"

కాంతమ్మ వేళ్లు బియ్యంలో ఆగిపోయాయి. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. మాటలు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నట్టు కాసేపు వీధివైపు చూసింది.

"జుట్టు చాలా ఉండేదమ్మా" అంది చివరికి. "నల్లగా, నుదుటిమీదికి పడుతూ. గెడ్డం నీదే. ఎడమ చెవి కొంచెం మడతపడి ఉండేది. నేను వేలితో సరిచేస్తే మళ్లీ మడతపడిపోయేది..."

లీలావతి చేట పక్కకి జరిపి, ఆవిడకి ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చుంది.