జీవితాంతం ఇన్‌కమింగ్

ఆటో ఆగలేదు.

కాశీబుగ్గ రోడ్డు మలుపులో టిఫిన్ క్యారేజీతో నిలబడ్డ గ్లోరీ చెయ్యెత్తింది. డ్రైవరు చూశాడు. చూసి కూడా ముందుకు పోయాడు. వెనక ఇరుక్కుని కూర్చున్న ఉషారాణి తల బయటికి పెట్టి కేకేసింది.

"నీ ఫోను తగల్లేదే. రాత్రి మేస్త్రీ సేసి సేసి ఇసిగిపోనాడు. నీ సోటులో ఇంకో మనిషిని ఎక్కించీసినాడు. ఇంకొక్కపాలి ఇలాగైతే నిన్ను మరి పిలవడట."

జీడి ఫ్యాక్టరీలో పని అలాగే ఉంటుంది. ఆ రోజు ఎంత గింజ కాల్చారో చూసుకుని, మర్నాటికి ఎంతమంది పప్పు పొట్టు తీయాలో సాయంత్రం తేలుస్తారు. మేస్త్రీ రామూర్తి ఒక్కొక్కరికే ఫోను చేస్తాడు. ఎత్తినవాళ్ళకు పని, ఎత్తనివాళ్ళ చోటు పక్కవాళ్ళది. గ్లోరీ ఇంట్లో అందరికీ కలిపి ఒక్క సెల్‌ఫోను ఉంది. కానీ బిల్లు కట్టలేదని కంపెనీవాళ్ళు లైను తీసేశారు.

ఇంటికి వచ్చేసరికి మొగుడు ప్రదీప్ కుమార్ అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. అత్త జీవరత్నమ్మ అరుగుమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"పని పోయేలాగుంది" అంది గ్లోరీ.

"పోదేటి మరి" అన్నాడతను అద్దంలోంచే. "భావనపాడులో మీయమ్మ ఏ సేప వొండిందో కూడా నీకు ఫోన్లోనే తెలియాలి. నీ నోటికి ఏ బిల్లు సాల్తాది?"

"నాను అప్పుడే సెప్పినాను" అంది అత్త. "ఆడకూతురి సేతికి ఫోనిత్తే ఇల్లు ఇలాగే అవుతాదని."

గ్లోరీ క్యారేజీ కింద పెట్టింది. తల్లికి అసలు ఫోనే లేదు. పక్కింట్లో చేపలమ్మే చిన్నతల్లి నంబరుకి ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తుంది గ్లోరీ. ఒక్క రింగంటే బాగున్నానని. రెండు రింగులంటే ఒకసారి రమ్మని. రెండో రింగు ఎన్నడూ ఇవ్వలేదు, ఇవ్వాల్సిన రోజులు చాలానే వచ్చినా. తల్లీకూతుళ్ళ మధ్య మాటలన్నీ ఆ ఒక్క రింగులో ఇమిడిపోతున్నాయి. అయినా నెలకోసారి బిల్లు వచ్చినప్పుడల్లా ఇంట్లో ఒకే మాట వినీ వినీ, నిజంగానే తానెక్కడో ఎక్కువ మాట్లాడేస్తున్నానేమోనని ఆమెకే అనుమానం వచ్చింది. బజారులో కూడా మాటలు తగ్గించుకుంది. ఆ బిల్లు ఆమె కూలి డబ్బుల్లోంచే కట్టేవారు. ఈ నెల అంతకు మించి వచ్చింది గనక కట్టలేకపోయారు. జీడిసొన తగిలి వేళ్ళు నల్లగా మాడి, గోళ్ళ చుట్టూ చర్మం ఊడి, ఆ చేతులతో పచ్చడి కలపాలంటే ప్రాణం పోయినంత మంట. ఆ మంటకు ప్రతిఫలంగా వచ్చిన డబ్బు ఎవరి నోట్లోంచో గాలిలో కలిసిపోతోంది. ఆ నోరు తనది కాదు. మరి ఎవరిది? అత్తకు నంబరు నొక్కడమే రాదు.

గ్లోరీ క్యారేజీలో అన్నం అక్కడే తినేసి, చెప్పులేసుకుని ఫోను కార్డులమ్మే పాపారావు కొట్టుకి వెళ్ళింది.

పాపారావు ఉత్సాహంగా కార్డులు పరిచాడు. "బిల్లు కనెక్షనంటే హోదా అమ్మా. నెలాకరి దాకా ఎంతైనా మాటాడుకోవచ్చు. ఇది నెల కార్డు. దీంట్లో మాట సవక, గాని గడువైపోతే డబ్బులున్నా మూగబోతాది. ఇదిగో, ఇది కొత్తగా ఒచ్చినాది, జీవితాంతం కార్డు. ఒక్కపాలి కొనీసుకుంటే మనకొచ్చీ ఫోన్లు ఆగవు. మనం సెయ్యాలంటే మాత్రం మాట ఖరీదు. ముందు డబ్బులేసుకోవాల, అవి అయిపోతే నోరు మూసుకోవాల. ఏ ఒప్పందాలూ లేవు, ఎవులూ ఇంటికొచ్చి అడగరు."

గ్లోరీ మూడింటినీ చేత్తో తిప్పి చూసింది. బిల్లు ఫోనులో అందరి మాటలూ కలిసిపోయి నెలాఖరికి ఒకరి నెత్తిన పడతాయి. నెల కార్డు గడువు ఎవరు గుర్తుపెట్టుకోవాలి? అదీ తానే. ఆమెకు కావలసింది మాట్లాడటం కాదు, సాయంత్రం ఫ్యాక్టరీ కేక వినబడటం. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి వినడమే పనిగా ఉన్న మనిషికి వినడానికే ఒక కార్డు దొరికిందని లోలోపల నవ్వుకుంది. ఖరీదు కొంచెం ఎక్కువే. అయినా మేలురకం పప్పులా ఏరి, జీవితాంతం కార్డునే పట్టుకుంది. మాటలకు కూడా కొంచెం డబ్బు వేయించింది.

ప్రదీప్ కుమార్ ఆ కార్డు చూసి మండిపడ్డాడు.

"ప్రీపెయిడా? రిచ్చా తొక్కీవోళ్ళు వాడతారే దీన్ని. నలుగుర్లో నా పరువేటవుతాది? బిల్లు కట్టి పాత లైనే ఇప్పిస్తాను."

"కట్టండి" అంది గ్లోరీ. "మీ జీతంలోంచి."

అతను తల్లివైపు చూశాడు. జీవరత్నమ్మ తీర్పు చెప్పింది. "సరేనే పిల్లా. ఆదివారం ఆరాధన దాకా అందులో డబ్బులు మిగలాల. మిగిలితే నీ మాటే నెగ్గినట్టు. మిగల్లేదంటే తిన్న నోరు నీదే. ఫోనూ మానీ, పనీ మానీ, ఇంట్లో కూకో."

"అలాగే అత్తయ్యా. కానీ ఫోను నా దగ్గర వద్దు. మీ బొడ్లో దోపుకోండి. ఫ్యాక్టరీ ఫోనొస్తే నన్ను పిలవండి, చాలు."

అత్త తెల్లబోయింది. దొంగ కాపలా అడగడం ఆమె ఎక్కడా చూడలేదు.

శుక్రవారం సాయంత్రం గ్లోరీ పొయ్యి దగ్గర ఉండగా నడవలోంచి మొగుడి గొంతు వినిపించింది. "సూడమ్మా, సున్నా. నా మాట నమ్మినావా? రేపట్నించి ఇది పనికి పోదు."

గ్లోరీ గరిటె పట్టుకునే వచ్చింది. "అత్తయ్యా, నేను ముట్టానా?"

జీవరత్నమ్మ ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పింది. "నువ్వు ముట్టలేదు" అంది, గొంతు బాగా తగ్గించి. "పొద్దున్న ఈడే... సిగ్నలు సూసొత్తానని ఓపాలి పట్టుకెల్నాడు."

"సిగ్నలుకి డబ్బులవుతాయేటి, అది పాడు కార్డు" అని అతను అంటుండగానే ఫోను మోగింది. మాట్లాడటానికే డబ్బు లేదు, వినడానికి లైను బతికే ఉంది. అత్త కంగారుగా ఏదో నొక్కింది. అవతలి గొంతు గది అంతా వినపడింది.

"ప్రదీప్ బావా, పారాదీప్ నుంచి పాండుని. పొద్దున్న ఈ నంబర్నించి మాటాడతంటే లైను తెగిపోనాది. మా తవిటయ్య మావ బోటు మాట పూర్తిగా సెప్పలేదు. ఓపాలి టీ కొట్టు కాడికెల్లి మావకి ఫోనిస్తావేటి? ఎప్పుడడిగినా ఫోనిచ్చీవోడివి నువ్వొక్కడివే బావా, నీది పెద్ద మనసు."

అత్త బటన్లన్నీ నొక్కి ఎలాగో ఆపింది. కొంచెం సేపటికి మళ్ళీ మోగింది. ఈసారి చెన్నై నుంచి ఎవరో ప్రదీప్ బావనే అడిగారు.

గ్లోరీకి అంతా అర్థమైంది. టీ కొట్టు బెంచీ. కాలుమీద కాలేసుకుని తన మొగుడు. చుట్టూ పారాదీప్‌లోనూ చెన్నైలోనూ మనుషులున్న మగవాళ్ళు. 'మాటాడుకోరా బావా, మనదే.' వాళ్ళు గంటలకొద్దీ మాట్లాడుతుంటే సిగరెట్టు కాలుస్తూ దొరలా చూసే ఆ చూపు. ఆ పెద్ద మనసు తన వేళ్ళ చర్మంతో కొన్నది. పంచిపెట్టేసి ఇంటికొచ్చి, తల్లికి ఒక్క రింగు ఇచ్చిన పాపానికి తనను దొంగను చేశాడు. వేరే ఆడదాని కోసమైతే ఏడుపొచ్చేదేమో. ఇది పొగడ్తల కోసం. ఏడుపు రాలేదు, నడుము నిటారుగా లేచింది.

"ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండనీయే" అంది అత్త. "ఆడికి నాను సెప్తాను."

ఫోను మూడోసారి మోగింది. ఈసారి గ్లోరీయే అత్త చేతిలోంచి తీసుకుంది. మేస్త్రీ రామూర్తి గొంతు కూడా గదిలో అందరికీ వినపడింది.

"కొత్త నంబరు ఉషారాణి ఇచ్చినాది. రేపు గింజ శానా ఉంది, గాని నిన్ను పిలవాలంటే బయ్యమేస్తంది గ్లోరీ. నీ మాటలకి బిల్లు కట్టలేక సస్తన్నానని మీ ఆయనే టీ కొట్టు కాడ నలుగుర్లో సెప్పినాడు. ఈ లైనూ అలాగే తినీసి మూసీస్తే నా పనేటవ్వాల?"

ప్రదీప్ కుమార్ దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు. "బ్యాటరీ పాడైందని సెప్పు. అంతే సెప్పు." అత్త కూడా చేతులు జోడించినట్టు సైగ చేసింది.

పెళ్ళయిన నాటి నుంచీ మొగుణ్ణి 'ఏమండీ' అనీ, 'మా ఆయన' అనీ అనడమే. చర్చిలో ప్రార్థన మనవి చెప్పినప్పుడు కూడా అంతే. ఆ పేరు ఆమె నోట ఒక్కనాడూ రాలేదు, రాకూడదనే పెంచారు.

"బిల్లు తిన్నది నేను కాదు మేస్త్రీగారూ."

"మరెవులు తిన్నట్టు?"

గ్లోరీ మొగుడి కళ్ళలోకి చూసింది. వీధి తలుపు తెరిచే ఉంది. గొంతు తగ్గించలేదు.

"ప్రదీప్ కుమార్."